వ్యాన్ ఎక్కే ముందు ఆ ఊరి జాబితా చూపించమనండి

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. మా బాబు జర్మనీలో ఎంఎస్ చదువుతున్నాడు. వెళ్లి ఏడాదిన్నర అయింది. వాడుండే ఊళ్లో కొంతమంది కలిసి ప్రతి డిసెంబర్‌లో వ్యాన్లలో సామాన్లు వేసుకుని రొమేనియా పల్లెలకు వెళ్లి, ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు పంచి వస్తారట. ఈసారి వీడూ వెళ్తానంటున్నాడు. అక్కడి నుంచి రెండు బండ్లు పక్క దేశం మాల్డోవాకు, వీలైతే ఉక్రెయిన్ సరిహద్దు దాటి కూడా పోతాయట. ఇప్పటికే ఇల్లిల్లూ తిరిగి పాత స్వెటర్లు, బొమ్మలు, వాడగా మిగిలిన మందులు పోగు చేస్తున్నారు. మావారు మాత్రం ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. చదువుకు చేసిన అప్పు అట్లనే ఉంది, వీడు దేశాలు పట్టుకుని సేవ చేస్తాడట’ అని మండిపడుతున్నారు. నాకేమో వద్దనడానికి మనసు రావడం లేదు, సరేననడానికి ధైర్యం చాలడం లేదు. ఒకవేళ వెళ్తే, మా కాలనీ వాళ్లం కూడా కొన్ని చద్దర్లు, వరంగల్ కొత్తవాడ జంపఖానాలు, కొంత డబ్బు పోగు చేసి పంపొచ్చా?
– పేరు వద్దు, హనుమకొండ

సమాధానం: వెళ్లనివ్వండి చెల్లెమ్మా. కానీ రొమేనియా వరకే. ఉక్రెయిన్ సరిహద్దు దాటే మాట వద్దే వద్దు. మాల్డోవా సంగతి కాగితాలన్నీ చూశాక తేల్చుకోవచ్చు. ఆ మందుల డబ్బాను మాత్రం ఇవాళ్టి నుంచే పక్కన పెట్టేయమనండి, ఎందుకో తర్వాత చెప్తాను. ముందు బావగారి కోపం సంగతి చూద్దాం. ఇంట్లో గొడవంతా అక్కడే ఉంది కదా.

ఆయన మాటలో సగం న్యాయమే ఉంది. క్రిస్మస్ ముందు రోజులంటే జర్మనీలో మన పిల్లలకు వేర్‌హౌస్‌లలో పార్శిళ్ల పని బాగా దొరికే సీజన్. ఆ వారం, పది రోజులు వ్యాన్లో తిరిగితే ఆ జీతం పోయినట్టే. పైగా కొన్ని బృందాలు డీజిల్‌కూ దారిలో బసకూ వెళ్లేవాళ్ల దగ్గరే తలా ఇంత వసూలు చేస్తాయి. అందులో తప్పేమీ లేదు. పంచే డబ్బులోంచి తమ తిండి ఖర్చు తీసుకోవడం కంటే అదే మర్యాద. కానీ ఎంతో ముందే తెలియాలి. అక్కడ శీతాకాలం సెమిస్టర్ పరీక్షలు ఎక్కువగా ఫిబ్రవరిలో పడతాయి, క్రిస్మస్ సెలవులు రెండు వారాలే. ఆ రెండు వారాల్లో చదువుకు ఎన్ని రోజులు, బండికి ఎన్ని రోజులు అని కూడా తేల్చుకోవాలి. ‘నాన్నా, నాకు ఇంత ఖర్చవుతుంది, ఇంత జీతం పోతుంది, ఫలానా తేదీకి వెనక్కి వస్తాను’ అని వాడు తనంతట తాను అంకెలతో చెప్తే బావగారితో మాట్లాడటం తేలికవుతుంది. సేవ, మానవత్వం అంటూ మొదలుపెడితే మాత్రం ఆ ఫోన్ రెండు నిమిషాల్లో కట్ అయిపోతుంది.

ఇక రెండో సగం, మనకు సంబంధం లేని దేశం వాళ్ల కోసం ఎందుకన్నది. ఇక్కడ నేను ఆయనతో ఒప్పుకోను. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి మొదలైనప్పుడు అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు ఎలా బయటపడ్డారో ఒకసారి గుర్తు చేయండి. విమానాలు ఆగిపోయాయి. చెర్నివ్‌త్సీ వైపు ఉన్నవాళ్లు బస్సుల్లో కొంత, నడిచి కొంత రొమేనియా సరిహద్దులోని సిరెత్ చేరుకున్నారు. ఆ చలిలో గేటు దాటి వచ్చినవాళ్లకు వేడి సూపు ఇచ్చి, చద్దర్లు కప్పి, స్పోర్ట్స్ హాళ్లలో పరుపులు వేసి పడుకోబెట్టింది ఆ చుట్టుపక్కల ఊళ్ల జనమే. మన ప్రభుత్వం వాళ్లను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగలో మొదటి విమానం లేచింది కూడా బుకారెస్ట్ నుంచే. ఆ పిల్లల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఆ నాలుగు రోజులు ఫోను చేతిలోంచి కింద పెట్టలేదు. బావగారికి తెలిసినవాళ్లలో అలాంటి ఇల్లు ఒకటైనా ఉండే ఉంటుంది. ఆ ఊళ్ల వాళ్లేమీ కోటీశ్వరులు కారు. వాళ్లు అప్పుడు మనకు సంబంధమేమిటని అడగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్తాను. రొమేనియా అనగానే మనకు యూరప్, అంటే డబ్బున్న దేశం అనిపిస్తుంది. తూర్పు వైపు పల్లెలకు పోతే కథ వేరు. పనికొచ్చే వయసువాళ్లు ఇటలీకో స్పెయిన్‌కో జర్మనీకో పోయారు. ఇంట్లో మిగిలింది ముసలివాళ్లు, వాళ్ల చేతుల్లో పెరిగే మనవలు. మాల్డోవాలోనూ ఇదే పరిస్థితి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లను చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మన గల్ఫ్ పల్లెల్లో లేనిది ఒక్కటే, ఆ చలి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు పదేసి డిగ్రీలు కిందికి పోవడం అక్కడ మామూలే. చాలా ఇళ్లలో గది వేడెక్కాలంటే కట్టెల పొయ్యే దిక్కు. అందుకే అక్కడి వాళ్లను ఏం కావాలని అడిగితే బొమ్మల కంటే ముందు కట్టెలు అంటారు.

అడిగితే అన్నాను కదా, ఇక ఈ ఉత్తరంలో నేను చెప్పాలనుకున్నది అదే.

2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జనం డాబాల మీదికెక్కి ఎదురుచూస్తుంటే హెలికాప్టర్లు వచ్చాయి. ఆ 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. నీళ్లు తగ్గాక ఆ పక్కనే ఇంకో ఊరికి మేం కొందరం వెళ్లాం. మేం చేరేసరికే డీసీఎంలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ఫ్లెక్సీలు కట్టిన బండ్లు. దించుతున్నవేమో బ్రెడ్డు, బిస్కెట్లు, నీళ్ల ప్యాకెట్లు, పాత బట్టల మూటలు. స్కూలు వరండాలో ఒక మూట విప్పితే జరీ ఊడిన లంగాలు, జాకెట్లు లేని చీరలు, ఎవరిదో పెళ్లి కోటు బయటపడ్డాయి. పక్కన నిలబడ్డ ఒక పెద్దమ్మ వాటి వంక చూసి, ‘గివన్ని ఏం జేసుకోవాలె బిడ్డా, ఇంట్ల మోకాలు మందం బురద ఉన్నది. పార ఉంటే ఇయ్యిండ్రి’ అన్నది. ఒక్క బండిలోనూ పార లేదు. చీపురు లేదు. బ్లీచింగ్ పౌడర్ లేదు. ఒకాయన గేదెకు గడ్డి కావాలంటాడు, ఇంకొకామె నీళ్లలో కొట్టుకుపోయిన గ్యాస్ స్టవ్ అడుగుతుంది, ఒక రైతు నానిపోయిన పాస్‌బుక్ పట్టుకుని దీనికి డూప్లికేట్ ఎవరిస్తారని తిరుగుతున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరు డిగ్రీ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, ఎవరికేం కావాలో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. మర్నాటి నుంచి ఆ నోట్‌బుక్ ఫొటో చూసుకునే సామాన్లు కొన్నారు. ఆ ఊరికి నిజంగా అందిన సాయం అప్పుడు మొదలైంది.

అందుకే మీ బాబును అడగాల్సిన మొదటి ప్రశ్న బండి గురించి కాదు. ‘ఆ ఊళ్లో మీకు జాబితా రాసిచ్చేది ఎవరు?’ అని అడగండి. స్కూలు టీచరో, చర్చి ఫాదరో, పంచాయతీ ఆఫీసులో సంక్షేమం చూసే ఉద్యోగో, ఏడాది పొడుగునా అక్కడే ఉండే మనిషి ఒకరు ఉండాలి. ఏ ఇంట్లో ఎంతమంది, పిల్లల వయసెంత, ఎవరికి మంచం మీదున్న రోగి ఉన్నారు అన్నది ఆ మనిషికి తెలియాలి. బృందం చాలా ఏళ్లుగా వెళ్తోందంటున్నారు కాబట్టి అలాంటి మనిషి ఉండే అవకాశమే ఎక్కువ. ఉంటే పేరు, ఊరు టక్కున చెప్తారు. ‘అక్కడికి పోయాక చూసుకుంటాం, పేదవాళ్లు ఎక్కడైనా ఉంటారు కదా’ అన్నారంటే మాత్రం ఆ బండి ఎక్కొద్దని చెప్పండి. ఊరి మధ్యలో బండి ఆపి చేతికందిన వాళ్లకు ఇవ్వడమంటే తోపులాటలో బలమున్నవాడికి రెండు, ముసలమ్మకు సున్నా.

జర్మనీలోనే దీనికి మంచి నమూనా ఉంది. జొహానిటర్ అనే సంస్థ 1993 నుంచి క్రిస్మస్ సమయంలో తూర్పు, ఆగ్నేయ యూరప్ దేశాలకు ట్రక్కులు పంపుతోంది. ఎవరు పార్శిల్ కట్టినా లోపల ఏముండాలో ఆ సంస్థే రాసిస్తుంది. 2 కిలోల చక్కెర, 3 కిలోల పిండి, కిలో బియ్యం, కిలో నూడుల్స్, 2 లీటర్ల నూనె, చాక్లెట్లు, బిస్కెట్లు, టూత్‌పేస్టులు, బ్రష్‌లు, పిల్లలకు బొమ్మలు గీసుకునే పుస్తకం, రంగు పెన్సిళ్లు, ఇలా సాగుతుంది ఆ లిస్టు. అందులో లేనిది పెట్టొద్దంటారు. అన్ని డబ్బాలూ ఒకేలా ఉంటే సరిహద్దులో కస్టమ్స్ వాళ్లతో పేచీ ఉండదు. పక్కింటికి ఎక్కువొచ్చింది, మాకు తక్కువొచ్చిందనే గొడవా ఉండదు. మన ఊళ్లలో రేషన్ కిట్లు పంచినవాళ్లకు ఈ రెండో మాట ఎంత విలువైనదో తెలుసు. మీ బాబు వాళ్లది చిన్న బృందమైనా ఇదే పద్ధతి పట్టుకోవచ్చు.

ఇప్పుడు మందుల సంగతి. వాడగా మిగిలిన మందులు పట్టుకెళ్లడం మంచి మనసుతో చేసే చాలా చెడ్డ పని. 1988 డిసెంబర్‌లో ఆర్మీనియాలో భూకంపం వస్తే ప్రపంచం నలుమూలల నుంచి 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి వచ్చి పడ్డాయి. వెంటనే వాడుకోగలిగింది అందులో 30 శాతమే. మిగతా వాటిని విడదీయడానికీ దాచడానికీ పారేయడానికీ మనుషులు కావాల్సి వచ్చింది. అసలే మనుషులు చాలని సమయమది. బోస్నియా యుద్ధం రోజుల్లోనూ అంతే, పనికిరాని మందులు 17,000 టన్నుల దాకా పోగుపడ్డాయని లెక్కగట్టారు. ఆ తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల దానానికి నియమాలు రాసింది. ఒకసారి రోగి ఇంటికి వెళ్లిన మందును తిరిగి తీసుకుని దానం చేయకూడదు. పంపే మందుకు, అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. తీసుకునే వాళ్లు అడిగిందే పంపాలి. మందు పేరు వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి. జర్మన్ భాషలో రాసిన సగం వాడిన షీటును రొమేనియాలో ఒక అవ్వ చేతిలో పెడితే ఆమె దాన్ని ఏమని మింగుతుంది? ఆ డబ్బాను దగ్గర్లోని మందుల షాపు వాళ్లకు చూపించి ఎలా పారేయాలో కనుక్కోమనండి. చాలు.

పాత స్వెటర్లు తీసుకెళ్లొచ్చు. ఉతికినవి, గుండీలు, జిప్పులు సరిగా ఉన్నవి, సైజులవారీగా కట్టినవి మాత్రమే. వయసు రాసి ఉంటే ఇంకా మంచిది. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో పాత బట్టలు రోడ్ల పక్కన కుప్పలు పడి ఎవరూ ముట్టుకోని దృశ్యం చాలామంది టీవీలో చూశారు. మనం తొడుక్కోనిది ఇంకొకరికి ఇవ్వడానికి మొహమాటపడాలి. చలి బూట్లు దొరికితే మాత్రం స్వెటర్ల కంటే ముందు వాటినే బండిలో పెట్టమనండి. పిల్లల బూట్లు ప్రతి ఏడాదీ చిన్నవైపోతాయి, కొత్తవి కొనాలంటే ధర ఎక్కువ. ఆ ఊళ్లో జాబితా రాసే మనిషిని అడిగితే పాదాల సైజులు కూడా రాసి పంపుతారు. బొమ్మలు బండిలో జాగా మిగిలితేనే.

జాగా అంటే గుర్తొచ్చింది, బరువు. మామూలు కారు లైసెన్స్‌తో యూరప్‌లో నడపగలిగే వ్యాన్ మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడదు. అది సామాను బరువు కాదు, బండి, మనుషులు, డీజిల్ అన్నీ కలిపి. పెద్ద వ్యాన్ ఖాళీగానే రెండు టన్నులకు పైగా తూగుతుంది. ముగ్గురు మనుషులు, వాళ్ల బ్యాగులు, తిండి, స్టెప్నీ, మంచులో టైర్లకు చుట్టే గొలుసులు తీసేస్తే సామాన్లకు మిగిలేది టన్ను, అటు ఇటుగా. ఇందాక చెప్పిన పార్శిల్ ఒక్కోటి పన్నెండు కిలోలనుకుంటే ఒక బండికి ఎనభై పార్శిళ్లు. వెనకాల ఇంకా సగం ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి మన పిల్లలు ‘ఇంకో ఇరవై పడతాయి’ అంటారు. మన దగ్గర ట్రాలీ ఆటోలో పైదాకా ఎక్కించి తాడు కట్టడం చూసి పెరిగినవాళ్లు కదా. అక్కడ హైవే మీద పోలీసులు పక్కకు ఆపి కాటా వేస్తారు. ఎక్కువుంటే జరిమానా ఒక్కటే కాదు, ఎక్కువైన సామాను దించేదాకా బండి కదలనివ్వరు. మంచులో రోడ్డు పక్కన పిండి బస్తాలు దించుకుని నిలబడాలి. బరువెక్కిన బండికి మంచు రోడ్డు మీద బ్రేకు ఎలా పడుతుందో వేరే చెప్పాలా?

వాడు స్టీరింగ్ పట్టుకుంటాడా అన్నది కూడా అడగండి. హనుమకొండలో తీసుకున్న లైసెన్స్ జర్మనీలో కాపురం పెట్టిన మొదటి ఆరు నెలలే చెల్లుతుంది. ఏడాదిన్నర అయింది కాబట్టి, అక్కడ రాత పరీక్ష, డ్రైవింగ్ టెస్ట్ రెండూ పాసై జర్మన్ లైసెన్స్ తీసుకుని ఉంటే తప్ప వాడు నడపకూడదు. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంది కదా అని ఎవరైనా సర్దిచెప్తే వినొద్దనండి. లైసెన్స్ లేకుండా పట్టుబడితే అది చిన్న చలాను కాదు, క్రిమినల్ కేసు. చదువు వీసా మీద ఉన్నవాడికి అలాంటిది అసలే వద్దు. నడపకపోయినా పనికి లోటుండదు. మూటలు ఎత్తడం, జాబితాలో టిక్కు పెట్టడం, రాత్రిపూట డ్రైవర్ నిద్రపోకుండా మాట్లాడుతూ కూర్చోవడం, ఇవన్నీ పనులే. మ్యూనిక్ నుంచి లెక్కేసినా రొమేనియాలోని క్లూజ్ దాకా వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. తూర్పు పల్లెలకు ఇంకా పోవాలి. పెద్ద ట్రక్కుల డ్రైవర్లకు యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలన్న చట్టం ఉంది. వ్యాన్‌కు ఆ చట్టం వర్తించినా వర్తించకపోయినా వీళ్లు పాటించాలి. ప్రతి బండికీ లైసెన్స్ ఉన్నవాళ్లు ఇద్దరు ఉన్నారా, రాత్రి ఎక్కడ ఆగుతారు, టైర్ల మీద కొండ, మంచుపువ్వు గుర్తు ఉందా అని అడగండి. ఆ గుర్తున్నవే అసలైన చలికాలం టైర్లు. ‘అమ్మా, నీకు ఇవన్నీ ఎట్ల తెలుసు’ అని వాడు ఆశ్చర్యపోతే పోనీయండి.

కాగితాల విషయం. 2025 జనవరి 1 నుంచి రొమేనియా రోడ్డు సరిహద్దులతో సహా పూర్తిగా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది. కాబట్టి జర్మనీ రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు దగ్గరుంటే అక్కడికి వేరే వీసా అక్కర్లేదు. రెండూ అసలువే ఉండాలి, ఫోన్లో ఫొటోలు సరిపోవు. కార్డు గడువు దగ్గరపడిందేమో చూసుకోమనండి. రెన్యువల్‌లో ఉండి చేతిలో తాత్కాలిక కాగితం ఒక్కటే ఉంటే, దానితో దేశం దాటొచ్చా లేదా అన్నది అక్కడి విదేశీయుల ఆఫీసులో అడిగాకే కదలాలి. వాడికి జర్మనీ ప్రభుత్వ పద్ధతి ఆరోగ్య బీమా ఉంటే ఆ కార్డు వెనక వైపే యూరప్ కార్డు ఉంటుంది, రొమేనియా ప్రభుత్వ ఆసుపత్రుల్లో అత్యవసరానికి పనికొస్తుంది. ప్రైవేటు బీమా అయితే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎలాగైనా, కొద్ది యూరోల ట్రావెల్ పాలసీ ఒకటి తీసుకోవడం మంచిది.

మాల్డోవా యూరోపియన్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో లేదు. అక్కడ ప్రవేశానికి నియమాలు వేరు, బండి బీమా అక్కడా చెల్లుతుందని చూపే గ్రీన్ కార్డు అనే కాగితం కావాలి, సామాన్లకు కస్టమ్స్ కాగితాలు కావాలి. ఏ డబ్బాలో ఏముందో లిస్టు, ఇది దానమే అమ్మకం కాదని ఉత్తరం, అవతల తీసుకునే సంస్థ పేరు, ఇవన్నీ ముందే సిద్ధం చేసిన బృందమైతే సరే. భారత పాస్‌పోర్టుతో వెళ్లొచ్చా అన్నది మాల్డోవా ఎంబసీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. జర్మన్ స్నేహితులకు వీసా అక్కర్లేదు, అందుకని వాళ్లకు ఈ తంటా తట్టదు. ‘నువ్వూ వచ్చేయ్, ఏం కాదు’ అంటారు. వాళ్లకు ఏం కాదు, నిజమే. మనవాడు ఆ గేటు దాటాక వెనక్కి రావడానికి ఇబ్బంది పడితే సెమిస్టరే పోతుంది. అనుమానం ఏ కొంచెం ఉన్నా రొమేనియాలోనే ఆగి, అక్కడి పంపకంలో సాయపడమనండి. అక్కడా పని తక్కువేం ఉండదు.

ఉక్రెయిన్ గురించి రెండో మాట లేదు. డ్రోన్లు, క్షిపణులు సరిహద్దు జిల్లాల మీద కూడా పడుతున్నాయి, చాలా బీమా పాలసీలు యుద్ధ ప్రాంతానికి వర్తించవు, మనవాళ్లకు వీసా తప్పనిసరి. అక్కడికి సామాన్లు పంపే పద్ధతి తెలిసిన పెద్ద సంస్థలున్నాయి. సరిహద్దు ఇవతల గోదాములో సామాను అప్పగించి వెనక్కి తిరగడంలో నామోషీ ఏమీ లేదు.

పిల్లల హాస్టళ్లు, అనాథాశ్రమాలకు వెళ్లే కార్యక్రమం ఉందేమో కూడా కనుక్కోండి. సామాను ఇచ్చి రావడం వేరు, ఒక పూట పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని సెల్ఫీలు దిగి రావడం వేరు. కొత్త అన్నలు, అక్కలు వచ్చి ముద్దు చేసి సాయంత్రానికి మాయమవడం ఆ పిల్లలకు ప్రతి ఏడాదీ జరుగుతుంటే వాళ్ల మనసు ఏమవుతుంది? బాధ్యత తెలిసిన సంస్థలు పిల్లలతో పనిచేసేవాళ్లను పోలీసు సర్టిఫికెట్ అడుగుతాయి, ఫొటోలు తీయనివ్వవు. మీ బాబు బృందానికి ఫొటోల గురించి ఏదైనా నియమం ఉందా? లేకపోతే వాడే మొదలుపెట్టొచ్చు. డబ్బా అందుకుంటున్న మనిషి మొహం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు, అంతే. మూటలు మోస్తున్న తన మొహం పెట్టుకోమనండి, మీరూ చూసి మురిసిపోవచ్చు.

చివరికి మీ కాలనీ సంగతి. చద్దర్లు, జంపఖానాలు ఇక్కడి నుంచి వద్దు చెల్లెమ్మా. కొత్తవాడ జంపఖానాకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని అందం గురించి నాకు చెప్పక్కర్లేదు. కానీ దాని బరువుకు కొరియర్ చార్జీ చూస్తే కళ్లు తిరుగుతాయి. పైగా యూరప్‌లోకి వ్యక్తిగత కానుకగా పన్ను లేకుండా పోయేది 45 యూరోల విలువ వరకే. ఆ పైన పన్ను, కాగితాలు. అదే డబ్బుతో రొమేనియాలో, ఆ ఊరికి దగ్గరి దుకాణంలో రెండు ఉన్ని చద్దర్లు కొనొచ్చు. అక్కడి దుకాణదారుకూ బేరం. నిజానికి పిండి, చక్కెర కూడా రొమేనియాలోనే కొంటే జర్మనీ నుంచి మోసే బరువు తగ్గుతుంది, వాళ్లు ఆ లెక్క వేసి చూశారో లేదో అడగమనండి. మీ వాళ్లకు జంపఖానాలు కొనాలనే మనసుంటే కొని, ఈ చలికి మన దగ్గరి హాస్టల్ పిల్లలకు ఇవ్వండి. కొత్తవాడలో మగ్గాలు ఆడటానికి గిరాకీ కావాలి. బావగారి ‘ఇంట్లో ఈగల మోత’ మాటకు అదొక జవాబు.

డబ్బు విషయంలో జాగ్రత్త. కాలనీలో అందరి దగ్గరా వసూలు చేసి మీ అకౌంట్లో వేసుకుని, అక్కడి నుంచి బాబు స్టూడెంట్ అకౌంట్‌కు పంపడం చేయకండి. ఎవరి డబ్బో మీ పేరు మీద దేశం దాటుతుంది. బాబు అకౌంట్లోకి వచ్చి మళ్లీ ఎవరికో పోతుంది. రెండు చోట్లా బ్యాంకు వాళ్లు అడిగితే చెప్పుకోవడం కష్టం. మన దగ్గరి ట్రస్టులు కూడా తమ డబ్బును విదేశంలో ఖర్చు పెట్టి పన్ను మినహాయింపు కావాలంటే ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి, కాబట్టి తెలిసిన ట్రస్టు ద్వారా పంపిస్తామనేవాళ్లను నమ్మకండి. ఇవ్వాలనుకున్నవాళ్లు ఎవరికి వాళ్లు, తమ పాన్ నంబర్‌తో, తమ బ్యాంకు నుంచి, అక్కడ రిజిస్టర్ అయిన సంస్థ ఖాతాకు నేరుగా పంపొచ్చు. దానికి చట్టంలో దారి ఉంది. కానీ వెయ్యి, రెండు వేలు పంపడానికి బ్యాంకు చార్జీలే అంతకు దగ్గరగా ఉంటాయి. మీరొక్కరూ బాబుకు నెలనెలా పంపే దానిలో ఈసారి కాస్త ఎక్కువ వేసి, ‘ఇది నీ తిండికి, బూట్లకు’ అంటే సరిపోతుంది. వాడి కాళ్లకు కూడా మంచి బూట్లు కావాలి కదా.

ఈ ఆదివారం వాడు ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టండి, బావగారు పక్కనే ఉండగా. జాబితా రాసే మనిషి ఎవరు, మొత్తం ఖర్చెంత, బండి నడిపేది ఎవరు, రెసిడెన్స్ కార్డు గడువు ఎప్పటిదాకా, ఇవన్నీ అడగండి. జవాబులు తడుముకోకుండా వస్తే సరేననండి. వెళ్లే రోజు బండి నంబర్, బృందాన్ని నడిపించే మనిషి ఫోన్ నంబర్, ఏ రాత్రి ఏ ఊళ్లో బస అన్నది మెసేజ్ పెట్టమనండి. ఆ మెసేజ్ మీకు కాదు, వాళ్ల నాన్నకు పెట్టమనండి.